కంటి ఆసుపత్రి పెరట్లో కొండ ఫెర్నులు

ఇంటికి ఉత్తరం వైపు, ఎండ పడని చోట ఏం మొక్కలు పెట్టుకోవాలని ఈమధ్య కుర్రవాళ్ళు వచ్చి అడుగుతున్నారు. వాళ్ళలో చాలామంది ఎక్కడో ఫోటోలో చూసిన కొండ ఫెర్నులు కావాలంటారు. నేను చెప్పే జవాబు ఒక్కటే. మీ ఊరి గాలికీ నీళ్ళకీ అలవాటుపడిన ఫెర్న్ ఏదో ముందు అది పెట్టండి, కొండ ఫెర్నుల ఊసు తరవాత చూద్దాం అంటాను. వాళ్ళకి ఈ జవాబు నచ్చదు. నచ్చకపోతే నాకేమీ ఇబ్బంది లేదు. ఇదే మాట ఒకప్పుడు నచ్చకపోతే ఉద్యోగం ఊడే చోట చెప్పినవాణ్ణి.

అవి డెబ్భైల చివరి రోజులు. రాజోలు వైపు ఒక కంటి ఆసుపత్రిలో తోట సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. హోదా వినడానికి పెద్దదే గాని నా కింద ఉన్నది ఒక్క మనిషి. నోరు పదునైన ఆడమనిషి. పలుగూ పారా ఆమెవి, ఆలోచన నాది అని మా ఒప్పందం. నా ఆలోచనకి తన పలుగుతో సమానమైన బరువు ఉందని ఆమె ఎన్నడూ ఒప్పుకోలేదు.

ఆ ఉద్యోగం నాకు చదువు వల్ల రాలేదు. పలివెల దగ్గర మా తాతగారికి కొబ్బరితోట ఉండేది. దానిలో చెక్కబద్దలతో పందిరి వేసి, లోపల ఫెర్నులు పెంచేవారు. ఎక్కడెక్కడి నుంచో తెప్పించేవారు. వాటి మధ్య నన్ను తిప్పుతూ, ఆకు వెనక్కి తిప్పి చూపించేవారు. ఫెర్నుకి పువ్వు ఉండదు, గింజ ఉండదు. ఆకు అడుగున గోధుమరంగు చుక్కలు ఉంటాయి. పురుగు పట్టిందని కొత్తవాళ్ళు భయపడతారు గాని, ఆ చుక్కల్లోనే దాని సంతానం ఉంటుంది. చుక్క ఆకారం చూస్తే ఏ జాతో, ఎక్కడిదో తెలుస్తుంది. కోర్టు వ్యాజ్యాల్లో మా పొలాలు పోయాయి, తరవాత తోట పోయింది, చివరికి ఇల్లూ పోయింది. ఫెర్నుల సంగతి మాత్రం వేలంలో ఎవరూ పాడుకోలేదు. అందుచేత అది నాకు మిగిలింది.

ఆ ఉద్యోగం కూడా పోతే మా బావగారి రైసు మిల్లులో గుమాస్తా కుర్చీ సిద్ధంగా ఉండేది. ఆయన చాలా మంచివాడు. అక్కడికి వెళ్ళకూడదనుకోవడానికి అంతకంటే కారణం అక్కర్లేదు.

ఆసుపత్రి నడిపేది ఒక డాక్టరమ్మగారు. మా పాత ఊరి పక్క పేటవారే. ఆమె తాతగారు మా పొలాల్లో పాలేరు, తండ్రిగారు బడిపంతులు, ఆమె కంటి డాక్టరు. నేను చేరిన రోజు ఆమె తన గదిలోకి పిలిచి, ఎదుటి కుర్చీ చూపించి, "కూర్చోండి" అన్నారు. "పరవాలేదండి" అని నిలబడ్డాను. ఆ తరవాత ఎన్నిసార్లు పిలిచినా ఆమె కూర్చోమనడం, నేను నిలబడడం. దీని మీద ఆసుపత్రిలో చాలా కథలు పుట్టాయి. భూములు పోయినా పొగరు పోలేదని నర్సులు నవ్వుకున్నారు. నేను సంజాయిషీ చెప్పలేదు. ఆ అలవాటు మా ఇంట్లో లేదు.

ఇక పెరటి సంగతి. ఆసుపత్రి మధ్యలో నాలుగు వైపులా వార్డులు, వరండాలు. వాటి నడుమ ఒక పెరడు. మిట్టమధ్యాహ్నం కాసేపు తప్ప అక్కడ ఎండ పడదు. ఆ రోజుల్లో కంట్లో శుక్లం తీశాక రోగిని రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టేవారు. కట్టు విప్పాక మొదట కనపడేది ఆ పెరడే, దాని వెనక సున్నం కొట్టిన తెల్లగోడే. కొత్తగా చూపు వచ్చిన కళ్ళు ఆ తెలుపుకి భగ్గున మండి నీళ్ళు కారేవి. అక్కడ పచ్చదనం ఉండాలని డాక్టరమ్మగారి పట్టుదల. పూలమొక్కలు ఆ నీడలో బతకవు. ఫెర్నులు తప్ప దారిలేదు.

కాని ఆసుపత్రి కమిటీకి ఆ పెరటి మీద వేరే కన్నుంది. స్లాబు వేసి డబ్బిచ్చే రోగులకి గదులు కడదామని వాళ్ళ ఆలోచన. కమిటీ ఛైర్మన్‌గారు అంబాజీపేటలో పెద్ద కొబ్బరి వ్యాపారి. ఆయన రెండు వైపులా విని తీర్పు చెప్పేశారు. "శివరాత్రి వెళ్ళేక కమిటీని తీసుకొస్తానండి. అప్పటికి పచ్చగా ఉంటే పెరడు. లేకపోతే స్లాబు. ఇంక నన్ను అడక్కండి."

పెరడు లేకపోతే తోట లేదు, తోట లేకపోతే సూపర్‌వైజరు లేడు. ఎవరూ పైకి అనలేదు, అందరికీ తెలుసు.

చలికాలం మొదట్లో ఛైర్మన్‌గారి లారీ ఒకటి వచ్చి ఆసుపత్రి ముందు ఆగింది. ఉత్తరాదిలో కొబ్బరికాయలు దింపి ఖాళీగా తిరిగొచ్చే లారీలో, తడి గోనెల్లో చుట్టిన ఫెర్నులు. వెనకాలే కారులో ఆయన. మొక్క మొదలంతా గోధుమరంగు పొలుసులు. చిగుళ్ళు గొంగళిపురుగు ముడుచుకున్నట్టు చుట్ట చుట్టుకుని ఉన్నాయి. ఆకు తిప్పి చూశాను. చుక్కలు చిక్కుడుగింజ ఆకారంలో వరసగా ఉన్నాయి. చలికొండల మీద, దేవదారు చెట్ల నీడన పెరిగే అడవి ఫెర్న్. మా తాతగారు మూడుసార్లు తెప్పించి, మూడుసార్లూ వేసవిలో పోగొట్టుకున్న జాతి.

"బాగున్నాయా?" అన్నారు ఛైర్మన్‌గారు.

"చాలా బాగున్నాయండి. అయితే వీటికి రాత్రిళ్ళు చలి కావాలి. మన వేసవికి..."

"వేసవి సంగతి వేసవిలో చూద్దాం." అని, ఒక మొక్కని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. "నాకు ఊపిరితిత్తులు పాడైనప్పుడు కొండమీద ఆసుపత్రిలో పడేసేరండి. కిటికీ అవతల ఇవే. లేచి నడిచేదాకా వీటినే చూస్తూ బతికేను. మన రోగులూ ఇవే చూడాలి. అంతే."

అలాంటి మనిషికి ఎదురు చెప్పడం కష్టం. అయినా ఒకటి అడిగాను. "ఒక మూల నా మొక్కలు కొన్ని పెట్టుకోనివ్వండి. ఏ తోటలోనైనా పక్కన ఒక వరస పెట్టి చూసుకోవడం నాకు అలవాటు."

"ఏం మొక్కలండి?"

"తాడిచెట్ల మట్టల సందుల్లో మొలిచేవి. నూతి గోడల మీద పెరిగేవి. అవీ ఫెర్నులేనండి."

ఆయన గట్టిగా నవ్వారు. "నూతిలో గడ్డి చూడ్డానికి కళ్ళాపరేషన్ ఎందుకండీ? పెట్టుకోండి, పెట్టుకోండి. మూలనే పెట్టుకోండి."

చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. డాక్టరమ్మగారు మాత్రం నవ్వలేదు.

మర్నాడే ఆయన పీచు మిల్లు నుంచి రెండు బళ్ళ కొబ్బరి పొట్టు వచ్చింది. మా నల్లమట్టి జిగట. దానిలో ఫెర్న్ వేళ్ళకి ఊపిరాడదు. కొబ్బరికాయ మీది డొక్కల నుంచి పీచు తీశాక మిగిలే పొట్టు కలిపితే మట్టి గుల్లగా ఉంటుంది, తడి నిలుస్తుంది. కోనసీమలో అందరూ చేసే పనే. పెరడంతా ఆ పొట్టు నింపి కొండ ఫెర్నులు నాటించాను. నా మూలకి వచ్చేసరికి పొట్టు అయిపోయింది. అక్కడ రాలి కుళ్ళిన పనస ఆకుల మట్టి వేసి, తాడిచెట్ల మీద నుంచి తెచ్చిన కత్తి ఫెర్నులూ, నూతి గోడల నుంచి తెచ్చిన నల్లకాడల ఫెర్నులూ పెట్టాం.

సంక్రాంతి వెళ్ళేదాకా కొండ ఫెర్నులు పెరటికి పెళ్ళికళ తెచ్చాయి. చుట్టలు విప్పుకున్నాయి. చూడడానికి వచ్చినవాళ్ళు నా మూలని చూసి, అది ఊడ్చిన చెత్తా అని అడిగారు.

తరవాత ఒకరోజు ఆకుల కొసలు మాడి కనిపించాయి. చలిగాలేమో అనుకున్నాను. వారం తిరిగేసరికి మాడు అంచుల నుంచి ఈనె వైపు పాకింది. విప్పుకోబోయిన చిగుళ్ళు చుట్టలోనే నల్లబడ్డాయి. శివరాత్రి దగ్గర పడుతోంది.

ఛైర్మన్‌గారి గుమాస్తా ఏదో పనిమీద వచ్చి ఆ ఆకులు చూశాడు. "నీళ్ళు పొయ్యట్లేదన్నమాట. ఆవిణ్ణి మాన్పించి మనిషిని మార్చండి" అని నాతో మా తోట ఆవిడ ఎదురుగానే అన్నాడు.

ఆమె చెంబు కింద పెట్టింది. "ఏం బాబూ, నీళ్ళు పొయ్యకపోతే ఆ మూలవి ఎలా బతికున్నాయి? అవి మీ అయ్యగారివి కావని నేను ముద్దుచేసేనా?"

అతను గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు గాని, ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. ఒకే చేత్తో, ఒకే కాలువ నీళ్ళు. ఒకే నీడ. నా మూల పచ్చగా నిగనిగలాడుతోంది, మిగతాదంతా మాడుతోంది. తేడా కొండ జాతిలో ఉందా? ఉంటే వేసవిలో బయటపడాలి గాని, మాఘమాసం చలిలో కాదు. ఇంకేది తేడా?

మర్నాడు పొద్దున్న నీళ్ళు పోయవద్దన్నాను. మధ్యాహ్నానికి పై పొట్టు ఆరింది. ఆ కాసేపటి ఎండలో దాని మీద సన్నటి తెల్లటి పొర కనిపించింది, బూజులా. బూజైతే వేలికి అంటుకుంటే మెత్తగా ఉంటుంది. ఇది గరగరలాడింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని చిటికెడు పొట్టు తీసి నాలిక మీద పెట్టుకున్నాను.

"ఏటండి బాబుగారూ, ఆకలేస్తే చెప్పొచ్చు కదండీ" అంది ఆవిడ.

"ఉప్పు."

"ఉప్పు చూడ్డానికైతే మా ఇంటికి రండి. కూరలో వేసి పెడతాను." అలా అంటూనే తనూ వంగి నాకి చూసింది. మరి నవ్వలేదు.

వేసవిలో కాలువలు కట్టేస్తారు. అప్పుడు డొక్కలు నానబెట్టడానికి మంచినీళ్ళు ఉండవు. తొందరున్న మిల్లుల వాళ్ళు ఉప్పుటేటి గుంటల్లో నానబెడతారు. పీచుకి ఆ ఉప్పు ఏ హానీ చెయ్యదు, తాళ్ళు పేనుకుంటే చాలు. పొట్టు దగ్గరికి వచ్చేసరికి ఉప్పంతా దానిలోనే ఉండిపోతుంది. వానాకాలమైతే కడిగేసేది. మేము పోసింది చలికాలంలో. ఇది ఎవరూ కావాలని చేసింది కాదు. మంచి మనసుతో పంపించిన పొట్టు, మంచి మనసుతో ఇచ్చిన మొక్కల్ని చంపుతోంది.

డాక్టరమ్మగారి గదికి వెళ్ళి చెప్పాను.

"కూర్చోండి."

"పరవాలేదండి."

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "కమిటీ ఎల్లుండి వస్తోంది. ఈలోపల పొట్టు మార్చి కడిగేస్తే?"

"మాడిన ఆకు పచ్చబడదండి. కొత్త చిగురు రావాలంటే నెలలు పడుతుంది."

"అయితే ఆయన మొక్కలు పోవడానికి ఆయన పొట్టే కారణమని కమిటీ అందరి ముందూ చెప్పాలి."

"చెప్పాలండి. ఇంకొకటి కూడా. ఉప్పు లేకపోయినా అవి ఇక్కడ వేసవి దాటవు."

"అది కూడానా?" ఆమె కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "ఉప్పు సంగతి ఒక్కటీ చెబితే ఆయన ఇంకో లారీ మొక్కలు, మంచి పొట్టు పంపిస్తారు. మనకి ఇంకో చలికాలం దొరుకుతుంది కదండీ?"

"దొరుకుతుంది. వచ్చే శివరాత్రికి మళ్ళీ ఇదే గదిలో నిలబడతాను. అప్పుడు నీళ్ళు పోసే ఆవిణ్ణి తీసేస్తారు."

"మీరు చెబితే మీ ఉద్యోగం పోతుంది. నేను చెబితే పెరడు కోసం సాకు చెబుతున్నానంటారు, పెరడు పోతుంది."

"అయితే నేనే చెబుతానండి. మాకు పోవడం కొత్త కాదు."

ఆ సాయంత్రం తోట ఆవిడ నన్ను వదల్లేదు. "తాడిచెట్ల మీద బోలెడు ఆకు ఉందండి. తెచ్చి ఆ మొదళ్ళలో గుచ్చేస్తాను. ఆళ్ళు వచ్చి, కాఫీ తాగి పోయేదాకా పచ్చగా ఉంటాయి. ఆయనకేం తెలుస్తుందండీ?"

"నాకు తెలుస్తుంది."

"మీకు తెలిస్తే ఏటండి, మీరు కమిటీలో లేరు కదా!"

నేను ఒప్పుకోలేదు. ఆమె విసురుగా వెళ్ళి మాడిన ఆకులన్నీ కోసి కుప్పపోసింది. దానితో పెరడు మరీ బోసిపోయింది.

కమిటీ వచ్చింది. ఛైర్మన్‌గారు ముందు, మిగతావారు వెనక. వరండా మెట్టు మీద ఆయన ఆగిపోయారు. ఆ ముఖం చూడలేక డాక్టరమ్మగారు పక్కకి చూశారు. కమిటీలో ఒకాయన వెంటనే చేతులు చాచి, ఏ గది ఎటు వస్తుందో పక్కాయనకి చూపించడం మొదలుపెట్టాడు.

"ఏం చేసేరండి వీటిని?" అన్నారు ఛైర్మన్‌గారు. గొంతు పెద్దది చెయ్యలేదు. పెద్దది చేస్తే నాకు సులువుగా ఉండేది.

వంగి పిడికెడు పొట్టు తీశాను. అందరూ చూస్తుండగా చిటికెడు నా నాలిక మీద పెట్టుకుని, మిగతాది అరచేతిలో ఆయన ముందుకి చాచాను.

"రుచి చూడండి."

వెనక ఎవరో "ఏమిటిది, మర్యాద లేకుండా!" అన్నారు. ఛైర్మన్‌గారు నా చేతి వైపు చూశారు, నా ముఖం వైపు చూశారు. డొక్కల మధ్య పుట్టి పెరిగిన మనిషి. ఆయనకి సగం అప్పుడే అర్థమై ఉంటుంది. చిటికెడు తీసుకుని నోట్లో వేసుకున్నారు. దవడ కదల్లేదు.

"ఏట్లో నానింది" అన్నారు చివరికి, ఎవరితోనూ కాదు. "మొన్న వేసవి సరుకు." జేబురుమాలు తీసి నోరు తుడుచుకున్నారు. "మంచి పొట్టు పంపుతాను. మొక్కలు మళ్ళీ తెప్పిస్తాను."

గుమ్మం దగ్గర నిలబడ్డ డాక్టరమ్మగారు నన్నే చూస్తున్నారు. అక్కడ నోరు మూసుకుంటే నాకు ఇంకో ఏడాది జీతం.

"వద్దండి" అన్నాను. "మంచి పొట్టులో పెట్టినా అవి మన వేసవి దాటవు. మా తాతగారు మూడుసార్లు తెప్పించేరు. ఒక్కటీ దక్కలేదు. అవి మిమ్మల్ని బతికించిన మాట నిజం. వాటిని నేను ఇక్కడ బతికించలేను."

అంతలో వరండాలో ఒక మంచం మీద నుంచి ముసలాయన గొంతు వినిపించింది. ఆ ఉదయమే కట్టు విప్పిన రైతు, నర్సు భుజం పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"అమ్మా, ఆ మూలనున్నదేటి, అంత పచ్చగా?"

"మొక్కలు తాతా" అంది నర్సు.

"మరి ఇటేటి, చుట్ట పొడి పోసినట్టు? ఈ కన్ను ఇంకా పూర్తిగా రాలేదేమో!"

కమిటీలో ఒకాయనకి నవ్వొచ్చి దగ్గుతో కప్పుకున్నాడు. ఛైర్మన్‌గారు నవ్వలేదు. పెరడు దాటి ఆ మూలకి వెళ్ళి, కత్తి ఫెర్న్ ఆకు ఒకటి పట్టుకుని, నేను చేసినట్టే వెనక్కి తిప్పి చూశారు. చుక్కలు కనిపించాయి. ఆ తరవాత మంచం మీద ముసలాయన వైపు చూశారు. ఆ రైతు కళ్ళు ఆ మూల నుంచి కదల్లేదు. నీళ్ళు కూడా కారడం లేదు.

"ఇవేనా, నూతిలో గడ్డి?"

"ఆయ్. ఇవేనండి."

"ఈ గడ్డే పెట్టించండి, పెరడంతా." గదుల కొలతలు చూపిస్తున్న ఆయన వైపు తిరిగి, "మీరు చేతులు దించండి" అన్నారు. మెట్టెక్కుతూ ఆగి, నాకు మాత్రమే వినపడేలా అడిగారు. "వాటిలో ఒక్కటి... కుండీలో పెట్టి ఒక్కటి బతికించగలరా?"

"మాట ఇవ్వలేనండి. చేతనైనంత చూస్తాను."

బతికున్న వాటిలో గట్టిదాన్ని ఏరి, వేళ్ళు కడిగి, వార్డు బయట తాగేనీళ్ళ కుండల బల్ల కింద పెట్టాను. పైనుంచి చల్లటి చెమ్మ చుక్కచుక్కగా పడుతుంది అక్కడ. అది రెండు వేసవులు లాక్కొచ్చింది. ఛైర్మన్‌గారు ఎప్పుడు వచ్చినా ముందు ఆ బల్ల దగ్గర వంగి చూసేవారు. మూడో వేసవిలో అది పోయినప్పుడు నేనే అంబాజీపేట వెళ్ళి చెప్పాను. "చాలా కాలం ఉందండి" అన్నారు, మనిషి గురించి అన్నట్టు. నేను రిటైరయ్యేదాకా ఆ పెరటి మీద స్లాబు పడలేదు.

కాని నేను చెప్పాలనుకున్నది కమిటీ వచ్చిన రోజు సాయంత్రం సంగతి. డాక్టరమ్మగారు పిలిపించారు. వెళ్ళాను. "కూర్చోండి" అన్నారు. "పరవాలేదండి" అన్నాను.

ఆమె కాగితాలు పక్కకి నెట్టారు. "ఇవాళ ఒక సంగతి అడుగుతాను, చెప్పండి. మీది పొగరని అందరూ అంటారు. పొగరున్న మనిషి పదిమంది ముందు మట్టి నాకడు. ఈ కుర్చీతో మీకేమిటి తగాదా?"

అంత సూటిగా అడిగితే దాచడం మర్యాద కాదు. "మా తాతగారి అరుగు మీద మీ తాతగారు ఎప్పుడూ కూర్చోలేదండి" అన్నాను. "కూర్చోమని మావాళ్ళు ఎవరూ అనలేదు. నాకు తెలుసు, నేను చూశాను. అందుకని మీ ముందు నేను కూర్చోకూడదనుకున్నాను."

ఆమె కిటికీ వైపు తిరిగారు. కిటికీలోంచి పెరడు కనిపిస్తోంది. తోట ఆవిడ ఉప్పు పొట్టుని తట్టల్లోకి ఎత్తుతూ, నన్నో ఛైర్మన్‌గారినో ఏదో తిడుతోంది.

"మీరు ఎన్నాళ్ళు నిలబడితే అది సరిపోతుందండీ?" అన్నారు.

ఆలోచించాను. "ఎన్నాళ్ళు నిలబడినా సరిపోదండి."

"అయితే కూర్చోండి. పెరడంతా పెట్టాలంటే ఎన్ని తాడిచెట్లు ఎక్కించాలో చూడాలి."

కూర్చున్నాను. వెనక్కి ఆనుకోలేదు. అది వేరే సంగతి.